పరుపులమ్మ పడటం నేర్చుకున్న వైనం

భూమ్మీద పుట్టిన వస్తాదులందరినీ వరసగా నిలబెట్టి, వాళ్ళ ఎదురుగా మా అమ్మమ్మను ఒక్కదాన్నే వదిలితే, సగంమందికి ఆవిడ చూపుకే ఇంట్లో ఏదో అర్జంటు పని గుర్తొస్తుంది. మిగతా సగంమందిని ఆవిడే పడుకోబెట్టి, దుప్పటి కప్పి, లైటు ఆర్పేసి వస్తుంది.

ఈ మాట ఆవిడ మనవరాలిది. ఆ పిల్లకూ బడికీ ఏడో తరగతిలోనే చెడింది కాబట్టి సాక్ష్యాలు అడగొద్దు. నిజానికి అమ్మమ్మ ఈ వయసు వచ్చేదాకా ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు. ఆవిడ కొట్టిందల్లా దూదిని, ఆ తరవాత నేలను. నేలను ఎందుకు కొట్టాల్సి వచ్చిందో చెప్పాలంటే పరుపుల దగ్గర మొదలుపెట్టాలి.

వీధిలో ఆవిడను పరుపులమ్మ అంటారు. కింద కొట్టు, పైన ఇల్లు, రెంటినీ కలుపుతూ గోడవారగా నిటారు మెట్లు. కొట్టులో ఒక మూల ఏకిన దూది గుట్టగా ఉంటుంది, ఇంకో మూల ఏకాల్సిన దూది మూటలు. మధ్యలో చాప మీద అమ్మమ్మ, జుట్టు ముడిలో దబ్బనం గుచ్చుకుని. పరుపులు కుట్టేవాళ్ళు ఆ చుట్టుపక్కల ఇంకా ఉన్నారు గానీ, ఆవిడ పరుపు మెత్తదనం వేరు. ఒక బస్సు డ్రైవరు ఆవిడ దగ్గర పరుపు కొని, అదే వారంలో రెండుసార్లు డ్యూటీకి ఆలస్యమై, చివరికి పై అధికారిని వెంటబెట్టుకుని కొట్టుకు వచ్చాడు.

"మీరే చెప్పండమ్మా, తప్పు నాదా, పరుపుదా" అన్నాడు.

అధికారి పరుపు మీద కాసేపు కూర్చున్నాడు. లేచేటప్పుడు తనకూ ఒకటి కుట్టమని చెప్పి వెళ్ళాడు.

ఇంత పేరున్న మనిషికి ఒక పట్టింపు ఉంది. కొత్త గుడ్డ నేలకు తగలకూడదు. తగిలిందంటే ఆవిడ లెక్కలో ఆ పరుపు అమ్మకముందే పాతదైపోయినట్టు. ఆ పట్టింపే కొంప ముంచింది. ఒకరోజు పైన మిషను మీద కుట్టిన తెల్లటి పరుపు సంచులన్నిటినీ రెండు చేతులా గుండెకు హత్తుకుని మెట్లు దిగుతోంది. గుడ్డ గుట్ట అడ్డమై కాలు పెట్టే చోటు కనిపించలేదు. పడేటప్పుడు ఎవరైనా గోడనో మెట్టునో పట్టుకుంటారు. ఈవిడ సంచులను ఇంకా గట్టిగా పట్టుకుంది. ఇక నేల ముక్కుకు తగులుతుందనగా ఒక చెయ్యి విడిపించి కిందికి ఆనించింది. మణికట్టు విరిగింది. కూతురు పరుగెత్తుకొచ్చి లేవదీస్తుంటే ఆవిడ అడిగిన మొదటి మాట, "సంచులకు మట్టంటిందా?"

కట్టు విప్పిన రోజు డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు ఎత్తి చూసి, "ఎముకలు పెళుసుబారాయి పెద్దమ్మా. ఈసారి చేతితో పోయింది. తుంటి విరిగితే మాత్రం మంచానికే. పడకుండా చూసుకోండి" అన్నాడు.

ఆ రోజే కూతురు తీర్పు చెప్పింది. "అమ్మా, ఇక నువ్వు మెట్ల జోలికి రావద్దు. దిండ్లూ గలేబులూ పైనే కుట్టుకో. కింద నేను చూసుకుంటాను."

కూతురు అమ్మను పైన కట్టిపడేసిందని వీధంతా అనుకుంది. కూతురు కూడా అలాగే అనుకుని, భోజనం దగ్గర అమ్మ మొహం చూడలేక పళ్ళెంలోకి చూస్తూ తినేది. అసలు సంగతి తెలిసింది మనవరాలికి ఒక్కదానికే. ఒక మధ్యాహ్నం కూతురు దూది కొనడానికి వెళ్ళింది. అడ్డుకునేవాళ్ళు లేరు. అమ్మమ్మ పై మెట్టు దగ్గర నిలబడి కుడికాలు ముందుకు చాపింది. వెనక్కు తీసుకుంది. ఎడమకాలు చాపింది. దాన్నీ వెనక్కు తీసుకుంది. గోడకు అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉండి, లోపలికి వచ్చి మంచినీళ్ళు తాగింది. గ్లాసు పళ్ళకు తగిలి టకటకమంది.

"కిందికి వెళ్దామనుకున్నావా అమ్మమ్మా?"

"గాలికి నిలబడ్డానే."

"మెట్ల మీద గాలెక్కడిది?"

"నీకెందుకు? పోయి కూర చూడు, మాడుతోంది."

స్టవ్ మీద కూరే లేదు. మనవరాలు అయినా వెళ్ళి, ఖాళీ స్టవ్ ముందు కాసేపు నిలబడి వచ్చింది.

కొట్టును వదులుకోలేక అమ్మమ్మ ఒక స్టూలు తెచ్చి మెట్ల పైన వేసుకుంది. అక్కడినుంచి కింద ఎవరొచ్చారో వినేది, బేరం తగ్గితే గసిరేది, కుట్లు దూరమయ్యాయని దారం చప్పుడును బట్టే కూతురిని తిట్టేది. అలా కూర్చుని ఉండగానే ఒకరోజు ఒక బక్కపలచటి ఆడమనిషి, చిరిగిన పలచటి పరుపులు ఆటోలోంచి దింపి కొట్టులో పడేసింది. పడినప్పుడు అవి చెక్కల్లా చప్పుడు చేశాయి.

"అవేం పరుపులే అమ్మాయ్, తలుపు రెక్కల్లా మోగుతున్నాయి" అంది పైనుంచి అమ్మమ్మ.

"జూడో నేర్పే హాల్లో వేసేవండి. అంచులు కుట్టించాలి."

"వాటి మీద పడుకుంటారా?"

"పడుకోరండి, పడతారు. ముందు నేర్పేదే పడటం. అది వచ్చేదాకా ఎవరినీ ఎవరి మీదా చెయ్యి వెయ్యనివ్వం."

పైన స్టూలు కిర్రుమంది. తరవాత, "పడటానికి నేర్చుకునేదేముంది? నేను ఎవరి దగ్గరా నేర్చుకోకుండానే మెట్ల మీంచి పడ్డాను, చెయ్యి విరిగింది" అని వినిపించింది.

"అందుకే విరిగిందేమో" అంది ఆ మనిషి, తాళ్ళు విప్పుకుంటూ.

అమ్మమ్మతో అలా మాట్లాడిన మనిషిని మనవరాలు అదే మొదటిసారి చూడటం. ఆవిడకు అప్పటికప్పుడే బక్కటీచరు అని పేరు పెట్టేసింది. అమ్మమ్మ మాత్రం టీచరును మంచినీళ్ళకని పైకి పిలిచింది. నీళ్ళు ఇవ్వడం మరిచిపోయి, తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి అడిగింది.

"నా వయసువాళ్ళకు నేర్పుతావా?"

"నేర్పుతాను. కానీ నిలబడి కాదు, పడుకుని మొదలుపెట్టాలి. ముందు డాక్టరును అడగండి."

డాక్టరును మనవరాలు ఫోనులో అడిగింది. ఆయన చాలాసేపు నవ్వి, ఆ తరవాత ఆలోచించి, నేల మీద పడుకుని చేసేవాటికి అభ్యంతరం లేదన్నాడు. కూతురిని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే ఏమంటుందో అమ్మమ్మకూ మనవరాలికీ తెలుసు.

పాఠం చూస్తే ఇంతే. వెల్లకిలా పడుకోవాలి. గడ్డం గుండెకు ఆనించాలి, తల వెనక్కు వేలాడకుండా. రెండు చేతులూ ఎత్తి, ఒంటికి కాస్త ఎడంగా, అరచేతులతో నేలను ఒక్కసారి చరవాలి. చరుస్తూ ఊపిరి వదలాలి. దెబ్బంతా ఒక్క ఎముక మీద పడకుండా చెయ్యి పొడుగునా పరుచుకుంటుందట. అది బాగా వచ్చాక కూర్చుని వెనక్కి ఒరగాలి, ఆ తరవాత గొంతుక్కూర్చుని పక్కకు. బక్కటీచరు అవన్నీ చేసి చూపించి, మనవరాలి ఫోనులో వీడియో తీయించింది. ఇంట్లో రోజూ చేసుకోమని, కింద సరైన పరుపు వేసుకోమని చెప్పి వెళ్ళింది.

ఇక్కడే తప్పు జరిగింది. పరుపు వేసుకోమని పరుపులమ్మకు చెబితే ఎలా ఉంటుంది? జూడో హాలువాళ్ళ చెక్కముక్కల్లాంటి పరుపులు చూసినప్పటినుంచే ఆవిడకు ఒళ్ళు మండుతోంది. తన కోసం తను కుట్టుకునే పరుపు కదా అని, పడుకోవడానికని కూతురికి చెప్పి, తెల్లటి కొత్త దూది రెండుసార్లు ఏకించి పైకి తెప్పించుకుంది. చేతికి అందినంతా కూరింది. అది పూర్తయ్యేసరికి గదిలో సగం ఆక్రమించుకుని, మీద వేలు పెడితే వేలు మాయమయ్యేలా తయారైంది.

దాని మీద అమ్మమ్మ సాధన చూడముచ్చటగా సాగింది. గొంతుక్కూర్చుని పక్కకు ఒరిగేది. చప్పుడు లేకుండా మునిగిపోయేది. చెయ్యి చరిస్తే దూదిలోకి మోచేతిదాకా దిగబడి, బయటికి లాగడానికి మనవరాలి సాయం కావాల్సి వచ్చేది.

"నొప్పి పుట్టిందా అమ్మమ్మా?"

"నొప్పా? ఇంత తేలిక విద్యకు ఆ బక్కపిల్ల అంత బిల్డప్ ఇచ్చిందేమే?"

ఒకసారి అయితే ఒరిగిన మనిషి ఎంతకీ లేవలేదు. మనవరాలు గుండె జారి దగ్గరికి వెళ్ళి చూస్తే, గురక.

కుట్టించిన పరుపులు తీసుకెళ్ళడానికి వచ్చిన బక్కటీచరు, పరీక్ష పెడతానని పైకి వచ్చింది. కూతురు కింద ఎవరితోనో బేరంలో ఉంది. టీచరు ఆ తెల్లటి పరుపును చూసి, పిడికిలితో నొక్కి, పిడికిలి బయటికి తీసుకుని అమ్మమ్మ వైపు తిరిగింది.

"ఇన్ని రోజులూ పడింది దీని మీదేనా?"

"ఎంత బాగా పడుతున్నానో చూడు."

"మీరు పడలేదమ్మగారూ. ఇదే మిమ్మల్ని పట్టుకుంది. తల వాల్చేసినా ఇది ఊరుకుంటుంది, చెయ్యి వంకరగా వేసినా ఊరుకుంటుంది. బాత్రూము నేల ఊరుకోదు. గట్టిగా, పలచగా ఉండాలి. తప్పు చేస్తే కాస్త చురుక్కుమనాలి."

పరుపు మెత్తగా ఉందని తప్పుపట్టిన మనిషిని అమ్మమ్మ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. టీచరు వెళ్ళాక తనూ ఆ పరుపును పిడికిలితో నొక్కి చూసింది. తరవాత మనవరాలిని పిలిచి, "కింద వెనక గదిలో గడ్డకట్టిన పాత దూది ఉంది చూడు, పారెయ్యడానికి పెట్టింది. పట్రా. మీ అమ్మ చూడకుండా" అంది.

ఆ మధ్యాహ్నం ఆవిడ తన జీవితంలోకెల్లా చెత్త పరుపు కుట్టింది. ముద్దలు కట్టిన దూదిని పలచగా పరిచి, కాళ్ళతో తొక్కి, దబ్బనంతో అటూ ఇటూ దగ్గర దగ్గరగా గుచ్చి, పురికొస బిగించి లాగింది. ప్రతి కుట్టుకూ మొహం చిట్లించుకుంది. పూర్తయ్యాక దాని మీద ఒక దుప్పటి కప్పింది.

"దుప్పటి ఎందుకు అమ్మమ్మా?"

"ఎవరైనా పైకొచ్చి చూస్తే? ఇది నా చేతి పనని తెలిస్తే తలెక్కడ పెట్టుకోవాలే?"

కొత్త పరుపు మీద మొదటిసారి ఒరిగినప్పుడు ఆవిడ "అబ్బా" అంది. రెండోసారి గడ్డం గుండెకు ఆనించింది. ఆ తరవాత చెయ్యి సరిగ్గా పడింది. ఎంత సరిగ్గా పడిందంటే, కింద కొట్టులో కొయ్య అల్మారా తలుపు కదిలింది. మెత్తటి పరుపు దాచిన రహస్యాన్ని ఈ గట్టి పరుపు వీధికి చాటింపు వేయడం మొదలుపెట్టింది.

"పైన ఏమిటమ్మా ఆ మోత?" అని ఒక కొనుగోలుదారు అడిగాడు.

"అమ్మమ్మ పరుపుల గట్టితనం పరీక్షిస్తోందండి" అంది మనవరాలు, మెట్లెక్కబోతూ. ఆ తెలివితేటలు అంతవరకే పనిచేశాయి. కూతురు దారం తెంపి, ఆ పిల్లను పక్కకు తోసి, మెట్లు గబగబా ఎక్కింది. గది తలుపు తోసేసరికి తల్లి సరిగ్గా గొంతుక్కూర్చుని పక్కకు ఒరుగుతోంది. నేల దద్దరిల్లింది.

కూతురు గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. ఊపిరి తీసుకున్నాక నోరు తెరిచింది.

"పడకుండా ఉండమంటే, కూర్చుని పడటం నేర్చుకుంటున్నావా? నీకేమైనా మతి పోయిందా అమ్మా? రేపు తుంటి విరిగితే ఎవరు చూస్తారు, ఈ తల్లి చూస్తుందా?" అంటూ మనవరాలి వైపు తిరిగింది. "నీ పని తరవాత చెబుతాను."

"దాన్నేమీ అనకు. నేనే పెట్టుకున్నాను."

"ఏం పని నీకు? పైన హాయిగా కూర్చోమన్నాను కదా?"

అమ్మమ్మ లేచి కూర్చుంది. చెదిరిన జుట్టు ముడి వేసుకుంది. "నువ్వు ఆపావని కూర్చున్నాననుకుంటున్నావా? నువ్వు లేనప్పుడు ఎన్నిసార్లు మెట్ల దాకా వెళ్ళానో. కాళ్ళు రావడం లేదే. కిందికి చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి. పడతానేమోనన్న భయంతో పడకుండానే మంచాన పడ్డాను కదా. ఇంకెన్నాళ్ళిలా?"

కూతురు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ కొత్త పరుపు మీద దుప్పటి తీసి, కుట్లు తడిమి చూసి, "ఇంత అధ్వాన్నంగా ఎవరు కుట్టారు దీన్ని?" అంది.

"నేనే."

అమ్మ అంత పని చేసిందంటే సంగతి నిజంగా పెద్దదేనని కూతురికి అప్పుడు అర్థమైంది. పరుపు ఒక మూల ముడత పడి ఉంటే లాగి సరిచేసింది. "గోడకు ఇంత దగ్గరగా వేసుకుంటే తల తగలదూ?" అని గది మధ్యకు జరిపింది. మనవరాలిని తిట్టడం మాత్రం మరిచిపోలేదు. ఆ కార్యక్రమం సాయంత్రం దాకా సాగింది.

ఆ తరవాత సాధన ముగ్గురిదీ అయింది. కూతురు పక్కన కూర్చుని, ఒరిగిన ప్రతిసారీ కళ్ళు మూసుకునేది. బక్కటీచరు వీలున్నప్పుడు వచ్చి కొత్త పాఠం ఇచ్చేది. చేతిలో ఏదైనా ఉండగా పడితే ముందు దాన్ని వదిలెయ్యాలట. దిండు ఇచ్చి చేయించింది. అన్నిటికంటే అదే కష్టమైంది. అమ్మమ్మ దిండును కావలించుకునే ఒరిగేది. చరవాల్సిన చెయ్యి దిండు కింద ఉండేది.

"వదిలెయ్యి అమ్మమ్మా" అని మనవరాలు.

"వదిలితే నేల మీద పడుతుంది కదే."

"దిండే కదా."

"గలేబు ఉతికి వేశాను."

ఇలా వాదులాడుకుంటూ ఉండగానే అసలు పరీక్ష చెప్పాపెట్టకుండా వచ్చింది. ఒక ఉదయం ఉతికిన గలేబులు సత్తు బేసిను నిండా పెట్టుకుని, అమ్మమ్మ బాత్రూములోంచి బయటికి వస్తోంది. గడప దగ్గర సబ్బు నీళ్ళు ఉన్నాయి. వంటింట్లో ఉన్న మనవరాలికి రెండు చప్పుళ్ళు వినిపించాయి. మొదటిది బేసిను ఎగిరి గోడకు తగిలిన ఖణేలు. రెండోది కొన్నాళ్ళుగా చెవులకు బాగా అలవాటైన మోత.

మనవరాలు వెళ్ళేసరికి అమ్మమ్మ పక్కకు తిరిగి పడి ఉంది. గడ్డం గుండెకు ఆనుకుని ఉంది. కుడిచెయ్యి ఒంటికి ఎడంగా, అరచెయ్యి తడినేల మీద బారుగా పరుచుకుని ఉంది. గలేబులు నలుమూలలా చెల్లాచెదురుగా పడ్డాయి. ఒకటి చీపురు మీద వేలాడుతోంది. కిందినుంచి కూతురు పరుగున వచ్చి వంగబోయింది.

"ఎవరూ ముట్టుకోకండి" అంది అమ్మమ్మ. "చూసుకుంటున్నాను."

ముందు వేళ్ళు ఆడించింది. మణికట్టు తిప్పింది. మోకాలు మడిచింది. తుంటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం కాసేపు ఆగింది. కాలు మెల్లగా ముందుకు కదిలింది, వెనక్కి వచ్చింది. ఆవిడ లేచి కూర్చుని, చుట్టూ చూసి, "అన్నీ మళ్ళీ ఉతకాలి" అంది.

కూతురు ఆ సబ్బు నీళ్ళలోనే కూలబడి, అమ్మ భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఏడుపు మధ్యలో నవ్వు కూడా వచ్చింది. రెండూ కలిసి ఎక్కిళ్ళుగా మారాయి. అమ్మమ్మ కూతురి వీపు నిమురుతూ, "లే, చీర తడిసింది. పడ్డది నేనైతే నువ్వు ఏడవడమేమిటే" అంది.

అయినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన ఫిల్ము ఎత్తి చూశాడు, దింపాడు, మళ్ళీ ఎత్తాడు. ఎక్కడా చిన్న గీత కూడా లేదు. మోచేతి కింద కాస్త కమిలింది, అంతే. "అదృష్టవంతులు పెద్దమ్మా" అన్నాడు.

"అదృష్టమేమిటి నాయనా, నేలను అడుగు" అంది అమ్మమ్మ. డాక్టరు నవ్వాడు. ప్రతిసారీ ఇంత బాగా జరుగుతుందని అనుకోవద్దనీ, సాధన మానొద్దనీ, బాత్రూము దగ్గర గరుకు చాప వెయ్యమనీ చెప్పాడు. తిరుగు దారిలో ఆటోలో ముగ్గురూ ఏవో పనికిమాలిన కబుర్లు చెప్పుకున్నారు. కూతురు ఎన్నాళ్ళ తరవాతో అమ్మ మొహంలోకి చూస్తూ మాట్లాడింది. మధ్యలో ఆగి అందరికీ ఐస్‌క్రీం కూడా కొనిపెట్టింది.

ఇంటికి చేరాక కూతురు మెట్లను కొలిచి చూసింది. వడ్రంగిని పిలిపించి, గోడ వైపొకటీ ఇవతలొకటీ పట్టుకోవడానికి కర్రలు బిగించమంది. ఆయన చివరి మేకు కొట్టి వెళ్ళాక, అమ్మమ్మ పై మెట్టు దగ్గరికి వచ్చింది. చేతుల్లో ఏమీ లేవు. మనవరాలు నాలుగు మెట్లు కిందికి దిగి, ఆవిడకు ఎదురుగా చేతులు చాచి నిలబడింది.

"నువ్వక్కడ ఎందుకే?"

"పడితే పట్టుకుంటాను."

"పడితే ఇద్దరం పోతాం. పక్కకు జరుగు."

కుడికాలు ముందుకు చాపింది. అది వణికింది. వణుకుతూనే మెట్టు మీద ఆనింది. ఎడమకాలు దాని పక్కకు వచ్చింది. కర్ర మీద వేళ్ళు తెల్లబడేలా బిగుసుకున్నాయి, మెల్లగా వదులయ్యాయి. అలా ఒక్కొక్క మెట్టూ తిట్టుకుంటూ, ఆగుతూ, కిందికి చేరింది. కొట్టులో చాప మీద కూర్చుని గట్టిగా ఊపిరి వదిలింది. కూతురు సగం కుట్టిన పరుపు పక్కనే ఉంది. దాని మూల పట్టుకుని చూసి, "ఇన్నాళ్ళూ ఇలాగే కుట్టి అమ్ముతున్నావా? కొన్నవాళ్ళు పాపం ఎలా పడుకుంటున్నారో" అంది. కూతురు తిట్లు తింటూ మొహమంతా నవ్వు చేసుకుని, ఆవిడ చేతికి దబ్బనం ఇచ్చింది.

ఇదంతా కాగితం మీద పెట్టి, మనవరాలు ఒకరోజు కొట్టులో కూర్చుని అమ్మమ్మకు చదివి వినిపించింది. ఆవిడ కుట్టు ఆపకుండానే విన్నది. అయిపోయాక మనవరాలు ఉండబట్టలేక అడిగింది.

"ఎలా ఉంది అమ్మమ్మా?"

"నీ చెప్పులు మూడో మెట్టు మీద వదిలేశావు. ముందు వెళ్ళి తియ్యి. పడితే నేను లేస్తాను, నీకు పడటం కూడా రాదు."